కాకినాడలో ఇల్లు కొనాలంటే: వీధి ఎంపిక నుంచి పేరు మార్పిడి దాకా

"కాకినాడలో ఏ ఏరియాలో కొంటే మంచిదండీ?" అమ్మానాన్నల కోసం ఇల్లు చూస్తున్న హైదరాబాద్ ఉద్యోగులు, రిటైరై సొంతూరు వచ్చేద్దామనుకునేవాళ్ళు, అమెరికాలో ఉన్న మా క్లాస్‌మేట్లు, అందరూ అడిగేది ఇదే. ఒక పేట పేరు చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం ఉండదు. ఒకే పేటలో పక్కపక్కనే ఉన్న రెండు వీధుల్లో ఒకటి వాన వెలిసిన గంటకే ఆరిపోతుంది, రెండోదాంట్లో మూడు రోజులైనా నీళ్ళు తీయవు. అందుకే చోటు చూసుకునే పద్ధతి చెబుతున్నాను. బాపట్లలో కొన్నా భీమిలిలో కొన్నా ఇదే పద్ధతి పనికొస్తుంది.

వరస మాత్రం మార్చకండి. ముందు నీళ్ళు, తర్వాత ఉప్పు, ఆ తర్వాత కాగితాలు. ధర మాట చివర్లో. ఇల్లు నచ్చేశాక వీధిలో లోపం కనబడినా మనసు ఒప్పుకోదు, "ఆ మాత్రం అన్నిచోట్లా ఉంటుందిలే" అనేస్తాం.

## 1. ఇల్లు చూడకముందే రాసుకోవాల్సినవి

ఒక కాగితం మీద ఇవి రాయండి. ఫోన్లో కాదు, ఇంట్లో అందరూ చూసేలా కాగితం మీదే.

- ఆ ఇంట్లో రోజూ ఉండేది ఎవరు? పెద్దవాళ్ళయితే ఆసుపత్రికి ఎంత దూరం వరకు పరవాలేదు?
- తుఫాను రాత్రి వాళ్ళు ఒంటరిగా ఉంటారా, పక్కన మనవాళ్ళెవరైనా ఉంటారా?
- రైలు ప్రయాణాలు ఎక్కువా? మెయిన్ లైన్ స్టేషన్ సామర్లకోట, ఊరికి 15 కిలోమీటర్లు. చాలా రైళ్ళు కాకినాడ రావు, అక్కడే ఎక్కాలి.
- మీ దగ్గరున్న డబ్బులో రిజిస్ట్రేషన్ ఖర్చు తీసేశారా? స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి ఏడున్నర శాతం దాకా అవుతుంది.
- ఇంటి మరమ్మతుకు విడిగా ఎంత ఉంచారు? సముద్రపు ఊళ్ళో ఈ గీత ఖాళీగా వదలకూడదు.

## 2. ఊరిని ముక్కలుగా చూడండి

కాకినాడ సగటు ఎత్తు సముద్ర మట్టానికి రెండు మీటర్లే. హోప్ ఐలాండ్ అడ్డంగా ఉండటం వల్ల అలలు నేరుగా ఊరి మీదికి రావు. కానీ వాన నీళ్ళు బయటికి పోవడానికి వాలు లేదు. ఏ పేట గురించి ఆలోచించినా ఈ సంగతి మనసులో పెట్టుకోండి.

జగన్నాథపురం వైపు: ఉప్పుటేరు అవతల పాత ఊరు. అన్నీ దగ్గర, జనం కలుపుగోలు. పోటు ప్రభావం ఉండే చోటు కాబట్టి వీధి వీధికీ విడివిడిగా చూడాలి.

రామారావుపేట, గాంధీనగర్, సూర్యారావుపేట: ఊరి నడిబొడ్డు. జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి), బడులు, బజారు నడిచి వెళ్ళే దూరం. పాత ఇళ్ళు, పాత అపార్ట్‌మెంట్లు ఎక్కువ కాబట్టి కింద 5వ భాగంలో చెప్పిన ఉప్పు గాలి పరీక్ష ఇక్కడ గట్టిగా చేయాలి.

భానుగుడి నుంచి సర్పవరం, రమణయ్యపేట: జేఎన్‌టీయూ దాటి సామర్లకోట వైపు వెళ్ళేకొద్దీ నేల కాస్త మెరక. పెద్దవాళ్ళ కోసం చూసేవారికి నేను మొదట చూడమనేది ఈ వైపే. ఇక్కడ కూడా పాత చెరువులు పూడ్చి కట్టిన చోట్లుంటాయి, జాగ్రత్త.

వాకలపూడి వైపు: పోర్టు, ఎరువుల ఫ్యాక్టరీలు, నూనె మిల్లులు. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాక వాసన ఏ వీధి మీదికి వస్తుందో అక్కడ నిలబడే తెలుసుకోవాలి. రాత్రి లారీల మోత సరేసరి.

అచ్చంపేట జంక్షన్, ఏడీబీ రోడ్డు: వరి పొలాల్లో వేసిన వెంచర్లు. ధర తక్కువ, కాగితాల పని ఎక్కువ.

ఉప్పాడ వైపు: అక్కడ సముద్రం ఒడ్డును కోసుకుంటూ వస్తోంది. బీచ్ రోడ్డు ఎన్నిసార్లు దెబ్బతిందో ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. సముద్రానికి ఎదురుగా స్థలం చవగ్గా వస్తోందంటే దానికి కారణం ఉంది. నా మటుకు నేను అక్కడ రూపాయి పెట్టను, పెట్టమని ఎవరికీ చెప్పను.

యానాం: కాకినాడ నుంచి గంట లోపు ప్రయాణమే కానీ అది పుదుచ్చేరి పాలనలో ఉంది. రిజిస్ట్రేషన్, ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), పన్ను అన్నీ వేరు. ఆంధ్రా వెబ్‌సైట్లో ఆ ఆస్తి వివరాలు వెతికితే దొరకవు.

ఈ జాబితాలోంచి రెండు పేటలే ఎంచుకోండి. అన్నీ తిరిగితే దేన్నీ సరిగ్గా చూడలేరు.

## 3. నీళ్ళు ఎటు పోతాయో చూడండి

మా పిన్ని వాళ్ళు సంక్రాంతి సెలవుల్లో ఒక డాబా ఇల్లు చూసి మురిసిపోయారు. తూర్పు ముఖం, వాకిట్లో నందివర్ధనం చెట్టు, గేటు ముందు చక్కటి సిమెంటు రోడ్డు. మార్చిలో రిజిస్ట్రేషన్ అయింది. అక్టోబరు వానకు రోడ్డు మీది నీళ్ళు గేటు కింద నుంచి లోపలికి వచ్చి హాల్లో చీలమండ దాకా నిలిచాయి. ఫ్రిజ్జును ఇటుకల మీద ఎక్కించారు. చెక్క బీరువా అడుగు పలక ఉబ్బిపోయి తలుపు మళ్ళీ పడలేదు. తప్పు ఆ కొత్త రోడ్డులోనే ఉంది. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే మళ్ళీ మళ్ళీ వేస్తూ పోతే రోడ్డు పెరిగి ఇల్లు పల్లమైపోతుంది. జనవరిలో చూస్తే ఆ సంగతి తెలియదు, తెలుసుకోవాలంటే కొలవాలి.

ఒకే వీధిని మూడుసార్లు చూడండి.

మొదటిసారి, పెద్ద వాన పడిన మర్నాడు. అక్టోబరు, నవంబరు నెలలయితే ఇంకా మంచిది. మీరు ఊళ్ళో లేకపోతే అక్కడున్న చుట్టాన్ని వీడియో తీసి పంపమనండి. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా తీయాలి, ఇంటి ముందు మాత్రమే కాదు.

రెండోసారి, పోటు సమయంలో. అమావాస్య, పున్నమి వెళ్ళిన ఒకటి రెండు రోజులకు పోటు బాగా ఎక్కుతుంది. ఊరి కాలవలు చివరికి ఉప్పుటేరులోకో సముద్రంలోకో పోవాల్సిందే. పోటు ఎక్కినంతసేపూ కాలవ నోటి దగ్గర నీళ్ళు కదలవు, ఆ టైంలో గట్టి వాన పడితే వీధుల్లోనే నిలిచిపోతాయి. వాన లేని రోజున కూడా పోటు వేళ ఇంటి ముందు మురుగు కాలవ అంచు దాకా వచ్చి ఆగిపోయిందంటే ఆ వీధిని వదిలేయండి. పోటు వేళలు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ వెబ్‌సైట్లో దొరుకుతాయి.

మూడోసారి, రాత్రి పది దాటాక. వీధి దీపాలు, దోమలు, వాసన, లారీలు.

వెళ్ళేటప్పుడు టేపు పట్టుకెళ్ళండి. కొలవాల్సినవి:

- రోడ్డు మట్టం నుంచి ఇంటి గచ్చు ఎంత ఎత్తులో ఉంది? రెండున్నర, మూడడుగులు ఉండాలి. అడుగున్నర కంటే తక్కువైతే వద్దు.
- కరెంటు మీటరు, మోటారు స్టార్టరు నేల నుంచి ఎంత ఎత్తులో బిగించారు? పాత ఇళ్ళలో మీటరును పైకి మార్చిన గుర్తు ఉంటే నీళ్ళు వచ్చాయన్నట్టే.
- ప్రహరీ గోడ మీద అడ్డంగా మాసిన గీత ఉందా? ఎదురింటికి, పక్కింటికి కూడా అదే ఎత్తులో ఉందా?
- వీధిలో కొత్తగా కట్టినవాళ్ళు గ్రావెల్ ఎంత ఎత్తు పోయించారు? అందరూ నాలుగడుగులు లేపుకుని మీరు కొనేది ఒక్కటే పల్లంలో ఉంటే వాళ్ళ నీళ్ళూ మీకే.

తర్వాత మనుషుల్ని అడగండి. అమ్మేవాళ్ళనో బ్రోకర్‌నో అడిగి లాభం లేదు. ఇస్త్రీ బండి అతన్ని, కిరాణా కొట్టు ఆవిడని, ఆ వీధిలో అద్దెకున్నవాళ్ళని అడగండి. "నీళ్ళు వస్తాయా?" అనకండి, "అబ్బే, రావండీ" అంటారు. "మొంథా తుఫానప్పుడు ఎక్కడిదాకా వచ్చాయండీ? కరెంటు ఎన్ని రోజులకు ఇచ్చారు?" అనండి. ఆ తుఫాను 2025 అక్టోబరు చివర్లో వచ్చింది, జనానికి గుర్తుంది. చేత్తో గోడ మీద చూపించి మరీ చెబుతారు.

కంప్యూటర్లో గూగుల్ ఎర్త్ ప్రో తెరిచి అదే చోటు పాత చిత్రాలు ఏళ్ళ వారీగా వెనక్కి వెళ్ళి చూడండి. ఇప్పుడు వెంచర్ ఉన్నచోట అప్పట్లో చెరువో, రొయ్యల గుంటో, మడ చెట్లో కనబడితే అది పూడ్చిన నేల. పునాది ఖర్చు పెరుగుతుంది, వానాకాలంలో నీళ్ళు తమ పాత చోటికే వస్తాయి.

## 4. బోరు నీళ్ళు, కుళాయి నీళ్ళు

నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. కొనాలనుకున్న ఇంటి బోరుతో పాటు అటూ ఇటూ రెండిళ్ళ బోర్లు కూడా చూడండి. తాగే నీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాములు. వేరే దారి లేనప్పుడు 2000 వరకు ఒప్పుకుంటారు. అంతకు మించితే స్నానానికి సబ్బు నురగ రాదు, కుళాయిలు, గీజర్లు త్వరగా పోతాయి.

వీలైతే మే నెలలో కొలవండి. వానలు లేక భూగర్భ జలం తగ్గినప్పుడు ఉప్పు పైకి వస్తుంది. జనవరిలో తియ్యగా ఉన్న బోరు మేలో నోట పెట్టుకోలేకుండా ఉండొచ్చు. "ఇంకో వంద అడుగులు దించితే మంచి నీళ్ళు పడతాయి" అంటే నమ్మకండి, తీరంలో లోతుకు వెళ్తే ఉప్పు నీళ్ళు తగిలే ప్రమాదమే ఎక్కువ.

మున్సిపల్ కుళాయికి వచ్చేది గోదావరి కాలువ నీళ్ళు. అడగాల్సింది ఒకటే: వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఈ వీధికి ఎన్ని రోజులకోసారి వదులుతారు, ఎంతసేపు? ఊరి శివారు వెంచర్లకు అసలు పైపులైను వచ్చిందో లేదో కళ్ళతో చూడండి. "వచ్చే ఏడాది వస్తుంది" అనే మాటకు ధర కట్టకండి.

## 5. ఉప్పు గాలి ఇంటిని ఏం చేసిందో చూడండి

పదేళ్ళు దాటిన ఇల్లయితే ఒక పూట పూర్తిగా దీనికే కేటాయించండి. చిన్న సుత్తి, టార్చిలైటు చాలు.

ముందు మేడ మెట్ల కింద స్లాబు, బాత్‌రూమ్ పైకప్పు, సన్‌షేడ్ల అడుగు భాగం చూడండి. ఇనుప కడ్డీ ఉన్న వరసలోనే సన్నటి పగులు పొడుగ్గా కనబడుతుంది. దాని అంచున తుప్పు రంగు మరక ఉంటే సుత్తితో మెల్లగా తట్టండి. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది. లోపల కడ్డీ తుప్పుతో ఉబ్బిన చోట డొల్లగా మోగుతుంది, కొన్నిచోట్ల పెచ్చు అరచేతిలోకి ఊడి వస్తుంది. వెనక ఎర్రటి పొడి, అందులో పొరలు పొరలుగా అప్పడంలా లేచిన కడ్డీ. రంగు వేసి దీన్ని దాచొచ్చు, ఆపలేరు. అందుకే చూడటానికి వెళ్ళిన ఇంట్లో కొత్త రంగు వాసన వస్తే నేను ముందు మేడ మెట్ల కిందికే వెళ్తాను.

తర్వాత గోడల అడుగున రెండడుగుల వరకు చేత్తో రాయండి. నెమ్ము ఎక్కిన గోడకు తెల్లటి ఉప్పు పొడి అంటుకుంటుంది. అక్కడ కొత్తగా టైల్స్ అంటించి ఉంటే ఎందుకు అంటించారో అడగండి.

- ఒకటి రెండు చోట్ల పెచ్చులు: బాగుచేయించుకోవచ్చు, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.
- స్తంభాలు, బీముల్లో పొడుగు పగుళ్ళు: సివిల్ ఇంజనీరుతో పరీక్ష చేయించకుండా బయానా ఇవ్వకండి.
- ఫ్లాటైతే మీ ఫ్లాటు ఒక్కటే చూసి రాకండి. సెల్లారు స్తంభాల మొదళ్ళు, లిఫ్టు గొయ్యి, వాటర్ ట్యాంకు అడుగు తప్పకుండా చూడండి. సెల్లారులో నీళ్ళు తోడే మోటారు పర్మనెంటుగా బిగించి ఉంటే సంగతి అర్థమైనట్టే.

కొత్తగా కట్టుకునేవారు, కడుతున్న ఫ్లాటు తీసుకునేవారు ఐఎస్ 456 అనే భారతీయ కాంక్రీటు ప్రమాణం ప్రకారం అడగాలి. తీరప్రాంత వాతావరణానికి నేరుగా ఎదురయ్యే కాంక్రీటు కనీసం ఎం30 గ్రేడు ఉండాలి, కడ్డీ మీద 45 మిల్లీమీటర్ల కవరు, అంటే కడ్డీని కప్పే కాంక్రీటు పొర, ఉండాలి. కాంక్రీటు కలిపే నీళ్ళలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. ఉప్పు బోరు నీళ్ళతో స్లాబు వేస్తే తుప్పు మొదటి రోజు నుంచే మొదలవుతుంది. సైటులో ఏ నీళ్ళు వాడుతున్నారో మేస్త్రీని అడగండి, దాచకుండా చెబుతాడు.

## 6. సీఆర్‌జెడ్ గీత

సముద్రం పోటు గీత నుంచి 500 మీటర్ల లోపు ఉన్న నేల కోస్టల్ రెగ్యులేషన్ జోన్ (సీఆర్‌జెడ్), అంటే కట్టడాల మీద ఆంక్షలున్న తీర ప్రాంతం, కిందికి వస్తుంది. పోటు నీళ్ళు వచ్చే ఉప్పుటేళ్ళు, కాలవల పక్కన కూడా హద్దు ఉంది. 2011 నోటిఫికేషన్‌లో అది 100 మీటర్లు, 2019 దాంట్లో 50 మీటర్లు, లేదా ఆ ఏరు వెడల్పు, ఏది తక్కువైతే అది. రాష్ట్రంలో ఏ నోటిఫికేషన్ పటం అమల్లో ఉందో దాన్నిబట్టి లెక్క. సముద్రం కనబడటం లేదు కదా అని ఉప్పుటేరు పక్కన స్థలం కొనేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు.

మున్సిపాలిటీలో ఇదివరకే కట్టిన ప్రాంతాల్లో, ఉన్న రోడ్డుకు ఊరి వైపున కట్టుకోనిస్తారు, సముద్రం వైపున కాదు. మడ చెట్ల దగ్గర నియమాలు ఇంకా కఠినం. ప్లాను ఇచ్చే ఆఫీసులో సర్వే నంబరు ఇచ్చి జోన్ ఏమిటో రాతపూర్వకంగా తీసుకోండి. పంచాయతీ అనుమతి ఉందన్నంత మాత్రాన సరిపోదు. కేరళలో మరడు అపార్ట్‌మెంట్లకు స్థానిక అనుమతులున్నా, సీఆర్‌జెడ్ ఉల్లంఘన తేలాక సుప్రీంకోర్టు ఆదేశంతో 2020 జనవరిలో వాటిని కూల్చేశారు. కాపురాలున్న ఫ్లాట్లవి.

## 7. కాగితాలు, ఈ వరసలో

ఒక దాంట్లో తేడా వస్తే తర్వాతిదానికి వెళ్ళకండి, వకీలు ఫీజు మిగులుతుంది.

1. నిషేధిత జాబితా. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో సర్వే నంబరు కొట్టి 22ఎ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితాలో, ఉందేమో చూడండి. ప్రభుత్వ, దేవాదాయ, అసైన్డ్ (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన) భూములు ఇందులో ఉంటాయి.
2. ఈసీ. ఆన్‌లైన్లో 1983 నుంచి వస్తుంది. అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. కనీసం 30 ఏళ్ళది తీయండి.
3. లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు. జిరాక్సులు చూశాక ఒరిజినల్స్ కూడా చూపించమనండి. "బ్యాంకులో ఉన్నాయి" అంటే ఏ బ్యాంకు, ఎంత బాకీ అనేది కాగితం మీద కావాలి.
4. వారసులు. ఆడపిల్లల సంతకాలు లేకుండా అన్నదమ్ములే అమ్మేస్తుంటే ఆగండి.
5. పొలంలో వేసిన వెంచర్ అయితే లేఅవుట్ అనుమతి, పాతదైతే నాలా మార్పిడి పత్రం (వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చిన కాగితం). 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు, ఎనిమిదికి మించి ఫ్లాట్లున్న ప్రాజెక్టుకు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు.
6. ఇల్లయితే మంజూరైన ప్లాను. ఫ్లాటైతే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కాపురానికి అనుమతి పత్రం), స్థలంలో మీకు వచ్చే అవిభాజ్య వాటా ఎన్ని గజాలో.
7. సర్వే. సర్వేయరును పెట్టి హద్దులు కొలిపించండి. ఒక సెంటు అంటే 48.4 గజాలు. డాక్యుమెంట్లో ఉన్న గజాలు నేల మీద ఉన్నాయో లేదో డబ్బు ఇవ్వకముందే తేలాలి.

## 8. బయానా ఇచ్చేటప్పుడు

"ఇంకో పార్టీ సాయంత్రం వస్తున్నారండీ" అన్న మాటతోనే చాలామంది టెన్షన్ పడి బయానా ఇచ్చేస్తారు. వస్తే రానివ్వండి. పైన చెప్పినవన్నీ అయ్యాకే ఇవ్వండి, చెక్కు రూపంలోనో బ్యాంకు ద్వారానో ఇవ్వండి.

అగ్రిమెంట్లో మూడు మాటలు రాయించండి: సర్వేలో కొలత తగ్గితే ధర తగ్గుతుంది, టైటిల్లో లోపం బయటపడితే బయానా ఇన్ని రోజుల్లో వాపసు, అప్పటిదాకా ఉన్న పన్ను, కరెంటు బాకీలు అమ్మేవారివి. ధర 50 లక్షలు లేదా అంతకు మించితే ఒక శాతం టీడీఎస్ (అమ్మేవారికిచ్చే డబ్బులోంచి ముందే మినహాయించే ఆదాయపు పన్ను) మీరే పట్టుకుని కట్టాలి. అమ్మేవారు ఎన్నారై అయితే లెక్క పూర్తిగా వేరు, ముందుగా ఆడిటర్ దగ్గరికి వెళ్ళండి.

## 9. కొనేశాక బయటపడే తప్పులు, చేయగలిగినవి

ఇల్లు రోడ్డు కంటే పల్లం. గేటు దగ్గర గట్టు కట్టి, వాకిట్లో గుంట తీసి చిన్న మోటారు పెట్టడం మొదటి ఉపాయం. పిన్ని వాళ్ళు చేసింది అదే, రెండేళ్ళుగా హాల్లోకి నీళ్ళు రాలేదు. జాకీలతో ఇల్లు పైకి లేపేవాళ్ళు కూడా ఉన్నారు. ఇంజనీరు చూడకుండా ఆ పనికి దిగకండి.

బోరు ఉప్పగా మారింది. మేడ మీది వాన నీళ్ళు బోరు పక్కన ఇంకుడు గుంతలోకి మళ్ళించండి. ఒక్క వానాకాలంతో మారదు, రెండు మూడేళ్ళు చూడాలి.

కిటికీ గ్రిల్లులు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ తుప్పు. నెలకోసారి మంచి నీళ్ళతో కడగండి. ఉప్పు పేరుకోకుండా చూడటమే మందు. కొత్తవి కొనేటప్పుడు కిటికీలకు యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్), బయటి మరలకు స్టెయిన్‌లెస్ స్టీలు.

పెచ్చులు ఊడుతున్నాయి. పైపైన సిమెంటు పూయించకండి, ఆర్నెల్లలో మళ్ళీ ఊడుతుంది. కడ్డీ పూర్తిగా బయటపడేలా చెక్కి, తుప్పు గీకి, రసాయన పూత వేసి, ఆ తర్వాతే కొత్త కాంక్రీటు.

## 10. రిజిస్ట్రేషన్ అయిన నెలలో

- మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో ఇంటి పన్ను మీ పేరు మీదికి మార్పించండి.
- కరెంటు మీటరు, కుళాయి కనెక్షన్ పేర్లు మార్పించండి.
- మీ పేరు ఎక్కిన కొత్త ఈసీ ఒకటి తీసి దస్తావేజుతో పాటు దాచండి.
- ఇంటి ఇన్సూరెన్స్‌లో తుఫాను, వరద రెండూ ఉన్నాయో లేదో చదివి తీసుకోండి.
- దస్తావేజులు ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువా పై అరలో ఉంచండి, అడుగు అరలో వద్దు.
- మొదటి వానాకాలం ఆ ఇంట్లో అద్దెకు ఇవ్వకుండా మీరే ఉండండి, కనీసం అక్టోబరులో ఒక వారం. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ప్రహరీ గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి. మేస్త్రీకి గట్టు ఎంత ఎత్తు కట్టాలో చెప్పడానికి ఆ గీతే కావాలి.